అట్టు తెచ్చిచ్చిన కాకి: తెనాలి, బాపట్ల, రేపల్లె ఒక్క ఆదివారంలో

ఈ ప్రయాణానికి కారణం నా మోకాళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒకటో తరగతికి పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఊరుకోలేక, తెనాలిలో మా వెనక వీధి తల్లుల్ని ఆదివారాలు పోగుచేయడం మొదలుపెట్టాను. బడి ఈడు రాని పిల్లలతో ఇంట్లోనే అక్షరాల ఆటలు ఎలా ఆడాలో వాళ్ళకు చూపిస్తాను. సీసా మూతలు, చింతపిక్కలు, పళ్ళెంలో ఇసుక, అట్టముక్కల మీద గీసిన బొమ్మలు, ఇంతే మా సామాను. పప్పు కడుగుతూ 'ప'తో మొదలయ్యేవి వంటింట్లో ఎన్ని ఉన్నాయో వెతకమంటే పిల్ల పసుపు డబ్బా, పాలగిన్నె, పచ్చడి జాడీ అన్నీ లాగి పడేస్తుంది. తల్లికి పని పెరుగుతుంది గానీ పిల్లకు శబ్దం పట్టుబడుతుంది. ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పడి రేపల్లె చేరింది. అక్కడ ఊరి చివర రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళ కాలనీ ఒకటుంది. వాళ్ళు కబురు చేశారు. మా పిల్లలకీ కావాలి, కానీ ఆడమనిషే రావాలి, వస్తే వారం వారం రావాలి, ఒకసారొచ్చి ఫొటోలు దిగిపోయేవాళ్ళు మాకొద్దు అని. ఆ మాట నాకు తెగ నచ్చింది. అయితే వారం వారం రైలెక్కడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు.

అందుకని షమీమ్‌ని అడిగాను. షమీమ్ మా వెనక వీధిలో చీరలకు ఫాల్స్ కుట్టే అమ్మాయి. వాళ్ళాయన తాళాలు బాగుచేస్తాడు. ఏడాది కిందట నాలుగేళ్ళ కూతుర్ని చంకనేసుకుని నా దగ్గరకు వచ్చి, పాపకు ట్యూషన్ చెప్పండి టీచర్ గారూ అంది. నాలుగేళ్ళ పిల్లకు ట్యూషనేంటి, నువ్వే ఆడించు పొమ్మన్నాను. "నాకు తెలుగు చదవడం రాదండి, మా ఇంట్లో ఉర్దూయే" అంది. అయినా ఆదివారాలు రావడం మొదలుపెట్టింది. కూతురితో పాటు తనూ అక్షరాలు నేర్చుకుంది. బొమ్మలు మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అట్టపెట్టెలు కత్తిరించి, స్కెచ్ పెన్నులతో కథల కార్డులు తనే గీస్తుంది. ఇప్పుడు మా గుంపులో పిల్లలు నా కంటే ముందు ఆమె చుట్టూ చేరతారు. నాకు కాస్త కుళ్ళుగా ఉంటుంది, ఒప్పుకుంటాను.

"ముందు మీతో ఒక్కసారి వస్తానండి. అక్కడ నా వల్ల అయిద్దో లేదో చూసుకుంటా. కాదంటే మాత్రం మీరు బలవంతపెట్టకూడదు" అంది షమీమ్. సరేనన్నాను. ఆమె కాదంటే రేపల్లెకు పంపడానికి నా దగ్గర ఇంకెవరూ లేరు. ఆ కాలనీలో వచ్చే జూన్‌లో బడికి వెళ్ళాల్సిన పిల్లలు ఇరవై మంది దాకా ఉన్నారు. దారిలో షమీమ్‌కి కొంచెం ధైర్యం వస్తుందని ముందు బాపట్లలో ఒక చోట ఆగుదామని ప్లాను వేశాను. అక్కడ నా పాత విద్యార్థిని కల్యాణి ఒక కాలనీలో అంగన్‌వాడీ నడుపుతోంది, చాలా రోజులుగా రమ్మంటోంది.

ఆదివారం పొద్దున ఏడున్నరకు తెనాలి స్టేషన్లో కలిశాం. బాపట్ల వైపు ప్యాసింజరు టిక్కెట్టు మనిషికి పదిహేను రూపాయలు. బండి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది, అది దానికి అలవాటే. చుండూరు దాటేదాకా రెండు వైపులా కోతలైపోయిన పొలాల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. గంటలోపే బాపట్లలో దిగాం. స్టేషన్ బయట బండి మీద ఇడ్లీ వేస్తున్న పెద్దావిడ దగ్గర చెరో ప్లేటు తిన్నాం. షమీమ్ చేతిలోని అట్టల కట్ట చూసి ఆవిడ "ఏంటమ్మా, ఏమన్నా అమ్మకానికా?" అని అడిగింది. "కాదు పిన్నీ, కథలు. పిల్లలకి" అంది షమీమ్. "కథలకి డబ్బులెవరిస్తారే అమ్మా" అని ఆవిడ ఇంకో గరిటెడు చట్నీ వేసింది. అక్కణ్ణుంచి కాలనీకి షేర్ ఆటో, మనిషికి ఇరవై.

కల్యాణి వాళ్ళ అంగన్‌వాడీ వరండా మరీ సన్నం. ఎదురెదురుగా కూర్చునే చోటు లేక పన్నెండు మంది తల్లులూ, పిల్లలూ, మేమూ గోడకు వీపు ఆనించి ఒకే వరసలో కూర్చున్నాం. నేను నాలుగు ముక్కలు మాట్లాడి షమీమ్‌కి అప్పగించాను. ఆమె తన అట్టు కథ కార్డులు నేల మీద పేర్చింది. మొత్తం ఐదు బొమ్మలు. అమ్మ పిండి రుబ్బుతోంది, పెనం మీద అట్టు ఉంది, పాప చేతిలో అట్టు ఉంది, కాకి అట్టును ముక్కున కరుచుకుంది, పాప ఏడుస్తోంది. కథ చెప్పేది పిల్లలే. బొమ్మల వరస చూసి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని నోటితో చెప్పగలిగిన పిల్లకు రేపు అక్షరాల వరస భయపెట్టదు.

ఎడమ చివర కూర్చున్న ఒక బుడ్డది గభాలున లేచి తన ముందున్న బొమ్మ నుంచి మొదలుపెట్టింది. "పాప ఏడుస్తంది. కాకి అట్టు తెచ్చిచ్చింది. పాప తీసుకుంది. సల్లారిపోయింది, మళ్ళీ పెనం మీద ఏసింది..." పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. నాకు అప్పుడు కనిపించింది. షమీమ్ కార్డులు కుడి నుంచి ఎడమకు పేర్చింది, కథంతా తిరగబడింది. ముప్పై ఒక్క ఏళ్ళ ఎర్రసిరా నా వేళ్ళలోకి దిగింది. "ఆగాగు, తప్పు!" అని వంగి కార్డులన్నీ వరస మార్చేశాను. అంతటితో ఆగితే బాగుండేది. "ఎడమ నుంచి కుడికి పేర్చాలి షమీమ్. ఈ మాత్రం మనకే తెలీకపోతే పిల్లలకు చదవడం ఎలా అలవాటవుతుంది?" అని అందరి ముందూ అన్నాను.

బుడ్డది టక్కున కూర్చుంది. ఎంత బతిమాలినా మళ్ళీ నోరు విప్పలేదు. షమీమ్ ముఖం దించుకుని కార్డుల అంచులు సర్దుతూ ఉండిపోయింది. వరసలో ఎవరో తల్లి పక్కావిడతో మెల్లగా అన్న మాట మాత్రం నా చెవిన పడింది. "చెప్పేటోళ్ళకే తప్పులొస్తే మనకేం వచ్చిద్దే." ఆ మాట నన్నే అన్నట్టు తగిలింది. ఏడాదిగా తల్లులకు నేను చెబుతున్నది ఒక్కటే, మీకు చదువు రాకపోయినా మీరే బిడ్డకు మొదటి గురువు అని. దాన్ని అర నిమిషంలో నేనే చెరిపేశాను. మిగతా గంటా మూతల ఆట, ఇసుక ఆట నడిపించాం గానీ, అందులో ఉత్సాహం లేదు.

పదకొండున్నరకు బస్టాండు చేరాం. షమీమ్ కార్డుల సంచీ నా చేతికిచ్చింది. "నేను తెనాలి వెళ్ళిపోతానండి. రేపల్లె మీరు వెళ్ళండి. అనుకున్నాం కదా, బలవంతపెట్టకూడదని" అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాకు తేలికయ్యేది. "అసలు అలా ఎందుకు పేర్చావమ్మా?" అని అడిగాను.

ఆమె సంచీ నా దగ్గర్నుంచి మళ్ళీ తీసుకుని, ఎవరూ లేని సిమెంటు బెంచీ మీద కూర్చుని, కార్డులు తీసి తన పక్కన పేర్చడం మొదలుపెట్టింది. "మా దాదీ, మా నాయనమ్మ, నాకు ఉర్దూ నేర్పిందండి. ఉర్దూ కుడి పక్క నించే కదా. నా చెయ్యి కుడి నించే మొదలైద్ది, నేను ఆలోచించను కూడా. ఇంటి దగ్గర ఎప్పుడూ తప్పు రాలేదండి. ఇక్కడెందుకు వచ్చిందో నాకూ తెలవట్లా."

నేను ఆమెకు ఎదురుగా నిలబడి ఉన్నాను. బెంచీ మీద కార్డులు చూశాను. నా ఎడమ చివర అమ్మ పిండి రుబ్బుతోంది. కుడి చివర పాప ఏడుస్తోంది. నేను నిలబడ్డ చోటు నుంచి కథ సరిగ్గా ఉంది. ఒక్క బొమ్మ కూడా తప్పు లేదు.

ఏడాదిగా షమీమ్ పిల్లలకు ఎదురుగా కూర్చుంటోంది. తన కుడి వాళ్ళకు ఎడమ. తన చేతి అలవాటు ప్రకారం తను పేర్చేది ఎదుటి పిల్లకు సూటిగా అందుతోంది. బాపట్లలో వరండా సన్నం కాబట్టి అందరం ఒకే వైపు కూర్చున్నాం, అందుకే తిరగబడింది. నేను ముప్పై ఒక్క ఏళ్ళు బల్ల వెనక నిలబడి, పుస్తకం నా వైపు తిప్పుకునే చదివాను. పిల్ల వైపు నుంచి ఎలా కనిపిస్తుందో ఏనాడూ వెళ్ళి చూడలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే, ఈ అమ్మాయి నా దగ్గరకు వచ్చిందన్న గర్వం కూడా వచ్చింది. "ఇటొచ్చి చూడు" అని ఆమెను లేపి నా పక్కన నిలబెట్టాను. చూసింది. చేత్తో నోరు మూసుకుని నవ్వింది.

"తప్పు నాదమ్మా" అన్నాను. ఈ మాట నా సర్వీసు మొత్తంలో ఎవరితోనూ అన్నట్టు గుర్తులేదు. "ఆ పిల్ల చెప్పిన కథ కూడా బాగుంది. చల్లారిన అట్టు వేడిచేసుకోవడం మనకెవరికైనా తట్టిందా? పూర్తిగా చెప్పనివ్వాల్సింది."

షమీమ్ కార్డులు ఏరి సంచీలో పెట్టుకుంది. సంచీ మాత్రం మళ్ళీ నాకివ్వలేదు. "రేపల్లె వస్తానండి. కానీ అక్కడ మీరు మాట్లాడకూడదు" అంది. షరతు పెట్టే వంతు ఆమెది, ఒప్పుకోవడం నా వంతు.

బాపట్ల నుంచి రేపల్లెకు చెరుకుపల్లి మీదుగా బస్సులో గంటన్నర. పల్లెవెలుగులో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. నా ఆధార్‌లో ఫొటో చూసి కండక్టరు "మీరేనాండి ఇది?" అని అడిగాడు. "నేనేనయ్యా, అప్పుడు జుట్టు నల్లగా ఉండేది" అన్నాను. షమీమ్ కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఆ ఐదు కార్డులను ఒళ్ళో పెట్టుకుని వరసలు మార్చుకుంటూ వచ్చింది. రేపల్లె బస్టాండు దగ్గర హోటల్లో అన్నం తిన్నాం, పప్పు, దొండకాయ వేపుడు, పులుసు, పెరుగు కలిపి వంద రూపాయలు. అక్కణ్ణుంచి కాలనీ దాకా ఆటోవాడు ఎనభై అడిగి అరవైకి వచ్చాడు. "ఆ కాలనీలో మీకేం పనండీ?" అన్నాడు. "పిల్లల్తో ఆడుకోడానికి" అంది షమీమ్. అద్దంలో మమ్మల్ని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

మూడింటికి షెడ్లు వదిలారు. రొయ్యల తలలు తీసి తీసి తెల్లగా నానిన వేళ్ళను కొంగులకు తుడుచుకుంటూ ఆడవాళ్ళు వచ్చారు. పదిహేను మంది దాకా ఉంటారు, పిల్లలు ఇంకా ఎక్కువ. రేకుల ఇంటి ముందు పరిచిన చాపల మీద కూర్చున్నారు. వాళ్ళలో పెద్దరికం నాంచారమ్మది, ముప్పై ఏళ్ళుంటాయేమో, మాకు కబురు పంపింది ఆవిడే. ఆవిడ నేరుగా నా వైపు తిరిగింది. "మేడం గారూ, మీరే చెప్పండి. మాకు అక్షరం ముక్క రాదు. మమ్మల్ని పిల్లలకి చెప్పమంటే మేమేం చెబుతాం?"

నోటి దాకా వచ్చింది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఎప్పటి నుంచో తయారుగా ఉన్న జవాబు ఉంది. మింగేసి, లేచి వెళ్ళి తల్లుల వెనక చాప మీద కూర్చున్నాను. షమీమ్ సంచీ అంచు నలుపుతోంది. ఇప్పుడు కూడా లేచి వెళ్ళిపోతుందేమోనని నాకు భయం.

"నాంచారమ్మక్కా, రొయ్యల్లో ఏది ఏ కౌంటో ఎట్టా తెలిసిద్ది?" అని అడిగింది షమీమ్.

నాంచారమ్మ నవ్వింది. "చూస్తే తెలవదా ఏంటి? కిలోకి ముప్పై తూగేది ముప్పై కౌంటు, యాభై తూగేది యాభై కౌంటు. చేతిలో పడితే చాలు."

"మొదటి రోజు తెలిసిందా?"

"మొదటి రోజెట్టా తెలిసిద్ది? కలిపేసి తిట్లు తిన్నా. చూసీ చూసీ వచ్చింది."

"నాకు తెలుగు అక్షరాలు అట్టాగే వచ్చాయక్కా. పోయినేడు నాకూ ఒక్క ముక్క రాదు. నా బిడ్డతో ఆడతా ఆడతా చూసుకున్నా. ఇంకా కొన్ని కలిపేస్తా ఉంటా" అంది షమీమ్. చాపల మీద కదలిక వచ్చింది. ఒకావిడ ముందుకు జరిగింది. అక్షరాలు రాసిన సీసా మూతలు బయటపడ్డాయి. ఒకేలా ఉన్న అక్షరాలను ఒక కుప్ప చేయమంటే, రొయ్యలు ఏరే చేతులు చకచకా ఏరేశాయి. పిల్లలు తల్లుల మీద పడి పోటీపడ్డారు. అవేం అక్షరాలో ఎవరూ అడగలేదు, అడగాల్సిన పని కూడా ఇంకా రాలేదు.

తర్వాత షమీమ్ పిల్లలకు ఎదురుగా కూర్చుని అట్టు కథ పేర్చింది. నాంచారమ్మ కూతురు దుర్గ, నాలుగేళ్ళది, తడబడకుండా చెప్పింది. అది అయ్యాక షమీమ్ కార్డులన్నీ కలిపేసి నాంచారమ్మ చేతిలో పెట్టింది. "ఇప్పుడు మీ కథ చెప్పండక్కా. ఎట్టా పేర్చినా తప్పు లేదు. పొద్దున బాపట్లలో ఒక పాప కథలో కాకే అట్టు తెచ్చిచ్చింది."

నాంచారమ్మ సిగ్గుపడింది, ఇటూ అటూ చూసింది, చివరికి ఒక్కో కార్డూ దుర్గ ముందు పెట్టసాగింది. ముందు ఏడుస్తున్న పాపను పెట్టింది. నా చెయ్యి లేచింది. దాన్ని రెండో చేత్తో పట్టుకున్నాను. "తెల్లారగట్ట అమ్మ షెడ్డుకి పోతంటే పాప ఏడుస్తంది" అంది నాంచారమ్మ. "ఆ రోజు అమ్మ షెడ్డుకి పోలా. పిండి రుబ్బింది. అట్టు పోసింది. పాప చేతిలో పెట్టింది. పాప కడుపునిండా తిని, మిగిలింది కాకికేసింది." దుర్గ ఆ కార్డులనే చూస్తూ "మళ్ళీ చెప్పమ్మా" అంది. చెప్పింది. ఈసారి దుర్గ ఒక్కో బొమ్మ మీదా వేలు పెడుతూ తల్లితో పాటు చెప్పింది. బొమ్మ నుంచి బొమ్మకు ఆ వేలు నడవడం చూశాను. చదవడం మొదలయ్యేది అలాగే. నా సర్వీసులో నేను చూసిన మంచి పాఠాల్లో అదొకటి, అది చెప్పింది ఇద్దరు అమ్మలు.

ఐదింటికి లేచాం. ఆటో ఎక్కబోతుంటే వెనక నుంచి "టీచర్ గారూ!" అని నాంచారమ్మ కేక. నేను వెనక్కి తిరిగి "చెప్పమ్మా" అన్నాను.

"మిమ్మల్ని కాదండి, ఆ టీచర్ గారిని" అంది నాంచారమ్మ, నన్ను దాటుకుని షమీమ్ వైపు చూస్తూ. "వచ్చే ఆదివారం ఎన్నింటికి వస్తారో అడుగుదామని."

షమీమ్ నా వైపు చూడలేదు. నా అనుమతి ఆమెకు అక్కర్లేకపోయింది. "మూడింటికల్లా ఉంటానక్కా. మీరు అందరికీ చెప్పి ఉంచండి" అంది.

రేపల్లె నుంచి తెనాలికి రైలు గంట ప్రయాణం, టిక్కెట్టు పది రూపాయలు. సాయంత్రం బండి రేపల్లెలోనే బయల్దేరుతుంది కాబట్టి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. షమీమ్ భట్టిప్రోలు రాకముందే నిద్రపోయింది. నేను మాత్రం కిటికీలోంచి చూస్తూ, ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉబ్బితబ్బిబ్బవుతూ వచ్చాను. నా చేతి కింద చదువుకున్న పిల్లలు ఇంజినీర్లయ్యారు, నర్సులయ్యారు, నాకు సంతోషమే. కానీ 'మిమ్మల్ని కాదండి' అన్న మాట విని ఇంత గర్వపడతానని అనుకోలేదు. గురువు అన్న వాడు ఏదో ఒక రోజు పక్కకు తప్పుకోవాలి అని ఎందరో చెప్పగా విన్నాను. ఎవరూ తప్పించకుండా ఎవరూ తప్పుకోరు, నన్ను రేపల్లె తల్లులు తప్పించారు. వాళ్ళకు నేను రుణపడ్డాను.

మీలో ఎవరైనా ఇలాంటి చోటుకు వెళ్ళాలనుకుంటే ఒక్క సలహా. ఆదివారం మధ్యాహ్నం మూడు దాటాకే వెళ్ళండి, అంతకుముందు వెళ్తే పిల్లలుంటారు గానీ పనుల నుంచి అమ్మలు వచ్చి ఉండరు, అమ్మలు లేకుండా ఈ ఆట సాగదు. రేపల్లె కాలనీకి వచ్చేటట్టయితే ముందుగా షమీమ్ టీచర్‌ని అడిగి రండి. ఆమె వద్దంటే నా దగ్గరకు సిఫార్సుకు రావద్దు, అక్కడ నా మాట చెల్లదు.